ముప్పై అడుగులా, ముప్పై ఆరు అడుగులా?
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను అమెరికా విశేషాలు చెప్పమన్నారు. నయాగరా గురించీ, వాషింగ్టన్ గురించీ ఈ వేదిక మీదే చాలామంది మిత్రులు నాకంటే బాగా చెప్పారు. అందుచేత నేను వేరే సంగతి ఎత్తుకుంటాను. గత ఏడాది నేనూ, మా ఆవిడా మేరీలాండ్ రాష్ట్రంలోని అన్నాపొలిస్‌లో మా పెద్దబ్బాయి దగ్గర అయిదు నెలలున్నాం. ఆ సమయంలో వాడు తెరచాప పడవ కొనే ప్రయత్నంలో ఉన్నాడు. రెండు పడవలు చూసిపెట్టుకుని, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక, "నాన్నగారూ, మీరు జీవితమంతా ఓడల డ్రాయింగుల మధ్యే గడిపారు గదా, మీరే చెప్పండి" అన్నాడు. ఆ రెండు పడవలనూ ఎలా బేరీజు వేశామో, చివరికి ఏ లెక్క పైకి తేలిందో మీకు చెబుదామని నా ఉద్దేశం. మనలో ఎవరూ పడవ కొనబోవడం లేదు. అయినా పిల్లలు ఇల్లో, కారో కొనేముందు మనల్ని ఒక మాట అడుగుతూనే ఉంటారు. ఈ లెక్క అక్కడ పనికిరావచ్చు.

ముందుగా ఆ ఊరి సంగతి. అన్నాపొలిస్ మేరీలాండ్ రాజధాని. అమెరికా నౌకాదళం వారి అకాడమీ 1845లో అక్కడే మొదలైంది. ఊరు చెసపీక్ అఖాతం ఒడ్డున ఉంటుంది. ఆ అఖాతం పొడవు సుమారు 200 మైళ్ళు. కాని లోతు చూస్తే సగటున 21 అడుగులే. మన పులికాట్ అంత నిస్సారంగా ఉండదు గాని, అంత పెద్ద జలరాశికి అది తక్కువ లోతే. ఒడ్డు పొడవునా వందలకొద్దీ చిన్న పాయలు. శని, ఆదివారాల్లో ఆ నీటి మీద తెరచాపలు కొంగల బారుల్లా కనిపిస్తాయి.

అక్కడి తెరచాప పడవకూ, మన గోదావరి పడవకూ ఉన్న ముఖ్యమైన తేడా అడుగున ఉంది. యార్డులో పనిచేసిన మిత్రులకు ఇది తెలిసిందే. కుటుంబసభ్యుల కోసం చెబుతున్నాను. మన గోదావరి పడవకు అడుగు బల్లపరుపు. గాలి వెనకనుంచో, పక్కనుంచో వీస్తేనే దాని చాప పనిచేస్తుంది. ఎదురుగాలి వస్తే గెడ వేయాలి, లేదా కాలవ గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగాలి. ఈ అమెరికా పడవ అడుగున సీసంతో పోతపోసిన రెక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాన్ని కీల్ అంటారు. పడవ పక్కకు కొట్టుకుపోకుండా అది అడ్డుపడుతుంది, ఒరిగితే తిరిగి నిలబెడుతుంది. అందువల్ల ఎదురుగాలికి కూడా వంకర టింకరగా, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ మళ్ళుతూ ముందుకు పోగలదు. లోపల పడకలు, వంటకు పొయ్యి, మరుగుదొడ్డి, చిన్న డీజిల్ ఇంజను. వారాల తరబడి అందులోనే ఉండి ప్రయాణం చేయవచ్చు.

మావాడు చూసినవి రెండూ కాటలినా అనే ఒకే సంస్థవి, రెండూ పాతవే. ఒకటి కాటలినా 30. 1970ల మధ్య నుంచి 2008 దాకా ఆరువేలకు పైగా కట్టిన పడవ. రెండోది కాటలినా 36. 1982లో మొదలైన నమూనా. పేర్లలోని అంకెలు అడుగుల్లో పొడవు. మావాడి మనసు మొదటి రోజునుంచీ ముప్పై ఆరు మీదే ఉంది. "ఆరడుగులే గదా నాన్నగారూ ఎక్కువ" అన్నాడు. నేను కాగితం, పెన్సిలు తెప్పించాను. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

పడవను పొడవుతో కొలవడం మనిషిని ఎత్తుతో కొలిచినట్లే. సరుకంతా మిగతా కొలతల్లో ఉంటుంది. చిన్నదాని పొడవు 29 అడుగుల 11 అంగుళాలు, పెద్దదాని పొడవు 36 అడుగుల 4 అంగుళాలు. అంటే పొడవు నూటికి 21 వంతులు ఎక్కువ. తయారీదారులిచ్చిన లెక్క ప్రకారం చిన్నదాని బరువు సుమారు 4,630 కిలోలు, పెద్దదాని బరువు సుమారు 6,120 కిలోలు. అంటే నూటికి 32 వంతులు ఎక్కువ. తెరచాపల వైశాల్యం 446 చదరపు అడుగులు, 555 చదరపు అడుగులు. ఇది నూటికి 24 వంతులు ఎక్కువ.

ఇక్కడ మన పాత పాఠం ఒకటి గుర్తు చేస్తాను. పొడవు, వెడల్పు, లోతు మూడూ ఒకే దామాషాలో పెరిగితే బరువు ఘనంగా పెరుగుతుంది. ఆ లెక్కన పెద్ద పడవ నూటికి 79 వంతులు ఎక్కువ తూగాలి. కాని 32 వంతులే ఎక్కువ తూగుతోంది. కారణం, దాని పొడవు ఆరడుగులకు పైగా పెరిగినా వెడల్పు ఒక్క అడుగే పెరిగింది. 10 అడుగుల 10 అంగుళాల నుంచి 11 అడుగుల 11 అంగుళాలకు వచ్చింది. అంటే పెద్దది సన్నగా సాగిన పడవ. చిన్నది తన పొడవుకు మించి బొద్దుగా ఉన్న పడవ. లోపలికి దిగి చూస్తే చిన్నది అనుకున్నంత ఇరుకుగా లేకపోవడానికి ఇదే కారణం.

తరవాత వేగం. బరువైన పడవ నీటిని చీల్చుకుపోతూ ముందొక అల, వెనకొక అల లేపుతుంది. తాను లేపిన ఆ రెండు అలల మధ్య తానే చిక్కుకుంటుంది. ఎంత గాలి ఉన్నా ఆ గోతిలోంచి ఎక్కి బయటపడలేదు. 1870లలో ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ నీటితొట్టిలో ఓడల నమూనాలను లాగి అలల నిరోధాన్ని కొలిచిన నాటినుంచీ ఓడల డిజైను వాళ్ళందరికీ ఇది వాచకం. నీటిరేఖ దగ్గర పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఇంచుమించు గరిష్ఠ వేగం నాట్లలో వస్తుంది. చిన్నదానికి నీటిరేఖ 25 అడుగులు. వర్గమూలం 5, వేగం 6.7 నాట్లు. పెద్దదానికి 30 అడుగుల 3 అంగుళాలు. వేగం 7.4 నాట్లకు కాస్త తక్కువ. తేడా నూటికి పది వంతులు. నిజమైన ప్రయాణంలో చిన్నది గంటకు 5 నాటికల్ మైళ్ళు, పెద్దది అయిదున్నర నడిచాయనుకుందాం. 40 మైళ్ళ దూరానికి చిన్నదానికి ఎనిమిది గంటలు, పెద్దదానికి ఏడుంబావు. మిగిలేది ముప్పావుగంట.

మూడోది లోతు. మామూలు కీల్‌తో చిన్నది నీటిలోకి 5 అడుగుల 3 అంగుళాలు దిగుతుంది, పెద్దది 5 అడుగుల 10 అంగుళాలు. ఏడు అంగుళాలంటే మన విశాఖ రేవులో లెక్కలోకి రాదు. సగటు లోతు 21 అడుగులున్న చోట, అందులోనూ రాత్రి లంగరు వేసుకునే చిన్న పాయల్లో, ఏ పాయలోకి పోవచ్చో ఏది మానుకోవాలో చెప్పేది ఆ ఏడు అంగుళాలే. గోదావరి డెల్టా కాలవల్లో పడవలు కట్టినవాళ్ళు ముందు లాకు వెడల్పూ, కాలవ లోతూ చూసి తరవాతే దుంగ కొనేవారు. పడవ తిరగబోయే నీరు ముందు, పడవ తరవాత.

పెద్దదాని పక్షాన చెప్పవలసినవీ ఉన్నాయి. లేకపోతే న్యాయం కాదు. అందులో వెనకవైపు ఇద్దరు పడుకునే పడక విడిగా ఉంది. మంచినీళ్ళు ఎక్కువ పడతాయి. పొడవూ, బరువూ ఎక్కువ కాబట్టి పొట్టి అలల మీద తక్కువ ఎగిరిపడుతుంది. చెసపీక్‌లో లోతు తక్కువ కావడం చేత గాలి రేగితే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అలాంటప్పుడు ఈ బరువు వరమే. మావాడి కోరిక ఏమిటంటే, పదవీ విరమణ చేశాక ఏటా శీతాకాలంలో నార్‌ఫోక్ నుంచి మయామీ దాకా తీరం వెంబడి సాగే జలమార్గంలో దక్షిణానికి పోవాలని. అది సుమారు 1,100 మైళ్ళ దారి. నెలల తరబడి ఇద్దరు అందులో కాపురం చెయ్యాలి. ఆ పనికి పెద్దదే హాయి. అందులో సందేహం లేదు.

ఇక డబ్బు. పెద్దదాని ధర ఇంచుమించు చిన్నదానికి రెట్టింపు. నేను కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి వాడికి చూపించాను. వేగం నూటికి 10 ఎక్కువ, పొడవు 21, తెరచాప 24, బరువు 32, ధర 100. ఆ అయిదు అంకెలు చూసి వాడు చాలాసేపు మాట్లాడలేదు.

అసలు ధర మొదటి వాయిదా మాత్రమే. ఏనుగును కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు. అక్కడ రేవులో పడవ కట్టుకోవడానికి అద్దె అడుగుల లెక్కన కట్టాలి. ఒడ్డుకెక్కించడానికి క్రేను కూలీ కూడా అడుగుల లెక్కనే. అడుగున నాచు, గవ్వపురుగులు పట్టకుండా ఏడాదికో, రెండేళ్ళకో రంగు వేయాలి. తుప్పు తినడానికి జింకు ముక్కలు మార్చాలి. కొయ్యను నిలబెట్టే ఉక్కుతీగలు పది, పదిహేనేళ్ళకు మార్చాలి. తెరచాపలు బట్టే గనక ఎండకు చివికిపోతాయి. ఏటా ధరలో పదోవంతు నిర్వహణకు పక్కన పెట్టుకోవాలని అక్కడి పడవల వాళ్ళు లెక్క చెబుతారు. పాత పడవ చౌకగా దొరికిందని ఆ పదోవంతు తగ్గదు. తీగలకూ, రంగుకూ, క్రేనుకూ పడవ పాతదా కొత్తదా అనేదానితో పనిలేదు.

పెద్దది కొనాలంటే మావాడు తన పదవీ విరమణ ఖాతాలోంచి తీయాలి. వాడికి 54 ఏళ్ళు. ఆ దేశంలో అలాంటి ఖాతాలోంచి యాభై తొమ్మిదిన్నర ఏళ్ళు నిండకముందు తీస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, మామూలు పన్నుకు తోడు నూటికి పది అదనంగా కట్టాలి. మనకు పి.ఎఫ్. అంటే ఏమిటో, పెన్షను అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఈ హాలులో ఉన్న ప్రతి ఒక్కరం నెల మొదట్లో బ్యాంకు పుస్తకం చూసుకునేవాళ్ళమే. "పని చెయ్యలేని రోజుల కోసం దాచిన డబ్బుతో, పని చెయ్యగల రోజుల సరదా కొనకు" అని ఆ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పాను.

అప్పుడు మావాడు బలమైన వాదం ఒకటి తెచ్చాడు. మన నౌకాదళం వారి తారిణి సంగతి మీకు తెలుసు. 56 అడుగుల తెరచాప పడవ, గోవాలో కట్టింది. 2017 సెప్టెంబరులో ఆరుగురు మహిళా అధికారులు అందులో గోవానుంచి బయలుదేరి, భూమిని చుట్టి, 2018 మేలో తిరిగి వచ్చారు. వారిలో మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారని మనమంతా ఎంతో పొంగిపోయాం. అదే తారిణిలో 2024 అక్టోబరు 2న దిల్నా, రూప అనే ఇద్దరే ఇద్దరు అధికారులు బయలుదేరి, 2025 మే 29న గోవా చేరారు. "ఇద్దరు ఆడపిల్లలు 56 అడుగుల పడవలో ప్రపంచం చుట్టి రాగా లేనిది, మేమిద్దరం 36 అడుగుల పడవ నడపలేమా?" అన్నాడు.

మంచి ప్రశ్న. జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు నిద్రపోతున్నా రెండోవారు పడవ మొత్తాన్ని ఒంటిచేత్తో నడపగలరు. అందుకోసం ఏళ్ళ తరబడి సముద్రం మీద శిక్షణ పొందారు. అక్కడ ఇద్దరూ కెప్టెన్లే. మావాడి ఇంట్లో ఒక కెప్టెను, ఒక ప్రయాణికురాలు. కాబట్టి పడవ నడిపేది ఇద్దరని లెక్కవేయకూడదు, ఒక్కరనే లెక్కవేయాలి.

ఈ మాట నాకు తట్టడానికి కారణం మా కోడలు. ఒకరోజు వంటింట్లో మా ఆవిడతో మాట్లాడుతూ, నేను అక్కడే ఉన్నానని చూసి, "మావయ్యగారూ, ఆయన నడుపుతుంటే నాకేమీ భయంలేదు. ఆయన నడపలేని రోజు వస్తే ఏమిటన్నదే నా భయం" అంది. అంతవరకూ ఆ ఇంట్లో పొడవులూ, ధరలూ తప్ప ఎవరూ ఆవిడ మాట అడగలేదు. భర్త జారి నీళ్ళలో పడినా, గుండెనొప్పి వచ్చి కూలబడినా, ఆ పడవను ఆపి, వెనక్కి తిప్పి, ఒడ్డుకు చేర్చవలసింది ఆవిడే. ఆ రోజు వచ్చేది ప్రశాంతమైన ఉదయం పూటే అని హామీ లేదు. ఆ అఖాతం మీద వేసవి మధ్యాహ్నాల్లో ఉన్నట్టుండి ఉరుములతో ఈదురుగాలి లేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. పది నాట్ల గాలిలో ముచ్చటగా ఉన్న 555 చదరపు అడుగుల గుడ్డ ఇరవై నాట్ల గాలిలో నాలుగు మనుషుల బలం అడుగుతుంది.

అందుచేత పరీక్ష పెడదామన్నాను. బ్రోకరు అనుమతితో రెండు పడవలనూ రెండు వేర్వేరు రోజుల్లో నీటి మీద నడిపి చూశాం. రెండుసార్లూ గాలి ఒకే మోస్తరుగా ఉంది. కొంత దూరం పోయాక తేలే దిండు ఒకటి నీళ్ళలో పడేసి, "అది మీ ఆయన అనుకో అమ్మా, వెళ్ళి తీసుకురా" అన్నాను. మావాడు చేతులు కట్టుకుని కూర్చోవాలి, నోరు విప్పకూడదు. నోరు విప్పకుండా ఉండడమే వాడికి ఎక్కువ కష్టమైంది.

చిన్న పడవలో మొదటిసారి దిండును దాటిపోయింది. రెండోసారి గాలికి ఎదురుగా తిప్పి, తెరచాప వదులు చేసి, దిండు పక్కనే పడవను నిలిపింది. కొక్కెం కర్రతో అందుకుంది. పెద్ద పడవలోనూ తిప్పగలిగింది. కాని ముందు తెరచాప తాడు బిగించడానికి విరామం తీసుకోవలసి వచ్చింది. అంచు నీటికి ఇంకా ఎత్తున ఉండడం వల్ల వంగి అందుకోవడం కష్టమైంది. నాలుగోసారికి గాని దిండు చేతికి రాలేదు. తిరిగి రేవులోకి వచ్చేటప్పుడు పక్కగాలికి పెద్ద పడవ ముక్కు జారిపోతుంటే, ఒడ్డున ఉన్నవాళ్ళు వచ్చి తాడు అందుకున్నారు. మా ఆవిడ రెండు పడవల్లోనూ దిగి చూసి ఒక్క మాట చెప్పింది. "చిన్నదాంట్లో ఎటు ఒరిగినా చేతికి ఏదో ఒకటి అందుతోంది. పెద్దదాంట్లో పట్టుకునేదాకా నాలుగడుగులు దొర్లాలి." యార్డు ముఖం చూడని మనిషి, నిర్దుష్టమైన పరిశీలన. నేను ఏ డ్రాయింగులోనూ అది చూడలేదు.

ఆడవాళ్ళు పెద్ద పడవ నడపలేరని నేను చెబుతున్నట్లు ఎవరూ అనుకోవద్దు. తారిణి ఉండగా ఆ మాట అనేంత ధైర్యం నాకు లేదు. మా కోడలికి రెండు మూడు వేసవులు అనుభవం వస్తే 36 అడుగులది కూడా తిప్పుతుంది. అయితే పడవ కొనేది ఈ వేసవికి. ఆ అనుభవం వచ్చేది చేతికందే పడవలోనే.

నిర్ణయం వాళ్ళే తీసుకున్నారు. ముప్పై అడుగులదానికే బయానా ఇచ్చారు. ఆ తరవాత సర్వేయరును పిలిచారు. అక్కడ పాత పడవకు బీమా చేయాలంటే కంపెనీలు సాధారణంగా సర్వే నివేదిక అడుగుతాయి. ఆయన పడవను నీళ్ళలోంచి పైకెత్తించి, చిన్న సుత్తితో డెక్కు అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. మన ఆడవాళ్ళు సంతలో కుండను తట్టి చూసినట్లే. డెక్కు అంటే రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య తేలిక చెక్క. బోల్టు కన్నాల్లోంచి నీరు లోపలికి దిగితే ఆ చెక్క నానిపోతుంది. గట్టి చోట టక్కుమంటుంది, నానిన చోట బొద్దుగా మోగుతుంది. కీల్ బోల్టులు, చుక్కాని, ఇంజను అన్నీ చూసి రెండు పేజీల మరమ్మతుల జాబితా ఇచ్చాడు. ఆ జాబితా చూపించి మావాడు ధర కొంత తగ్గించుకున్నాడు. మిగిలిన డబ్బుతో కొయ్యకు కొత్త తీగలు వేయించారు. నడుముకు కట్టుకునే తాళ్ళతో సహా రెండు లైఫ్ జాకెట్లు, ఒక రేడియో కొన్నారు. పదవీ విరమణ ఖాతా జోలికి పోలేదు.

ఇంకొక ఖర్చు కూడా పెట్టారు. నా దృష్టిలో అన్నిటికంటే విలువైంది అదే. మా కోడలు తెరచాప పడవ నడిపే తరగతిలో తనొక్కతే చేరింది. భర్త పక్కన ఉంటే చుక్కాని ఆయన చేతిలోకే పోతుందని ఆవిడకు తెలుసు. మేము బయలుదేరి వచ్చేముందు అఖాతం అవతలి ఒడ్డున సెయింట్ మైకేల్స్ అనే ఊరికి నలుగురం ఆ పడవలోనే వెళ్ళి వచ్చాం. పోయేటప్పుడు మావాడు నడిపాడు. వచ్చేటప్పుడు మావాడు లోపల పడుకుని నిద్రపోయాడు. పడవ కొన్న తరవాత వాడు నిశ్చింతగా నిద్రపోవడం అదే మొదటిసారి అని మా ఆవిడ అంది.

1948లో జల ఉషను నీళ్ళలోకి దించిన యార్డులో పనిచేసిన మనకు పెద్ద ఓడలంటే మోజు సహజమే. ఎనిమిది వేల టన్నుల ఓడ కట్టిన చోట ముప్పై అడుగుల పడవ గురించి ఇంతసేపు మాట్లాడినందుకు మన్నించాలి. పిల్లలు ఏదైనా పెద్దది కొనబోతూ మిమ్మల్ని అడిగితే, ధర అడగండి, మేపుడు ఖర్చు అడగండి, ఏ డబ్బులోంచి తీస్తున్నారో అడగండి. ఆ తరవాత, మాట్లాడకుండా పక్కన నిలబడ్డ రెండో మనిషిని పిలిచి, "నీ ఒక్కదానివల్ల అవుతుందా అమ్మా?" అని తప్పకుండా అడగండి.